మందు దొరికాక యాభై ఏళ్ళు

విజయవాడ గవర్నర్‌పేటలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న సూర్యారావుపేటలోనూ ఆసుపత్రో, రక్తపరీక్షల కేంద్రమో, మందుల షాపో లేని వీధి కనపడడం కష్టం. చుట్టుపక్కల జిల్లాల పల్లెల్లో ఎవరికైనా జబ్బు ముదిరితే బెజవాడ తీసుకెళ్ళమనే అంటారు. వైద్యం ఇంతగా పోగుపడ్డ ఊళ్ళో, అంటురోగాల నుంచి రక్షణ అనగానే మందు, టీకా, పరీక్ష అనే మూడు మాటలే మెదలడం సహజం. కోవిడ్ తర్వాత ఈ ఆలోచన మరింత బలపడింది. రేపు ఏ కొత్త వైరస్ వచ్చినా, ఎవరైనా కావాలనే ఒక సూక్ష్మజీవిని జనం మీదికి వదిలినా, మన ప్రయోగశాలలు ఎంత త్వరగా విరుగుడు కనిపెడతాయన్నదే అందరి ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే, కానీ అందులో సగమే ఉంది. మిగతా సగం ఏమిటో కృష్ణా, గోదావరి డెల్టాల్లోని బోదకాలు వ్యాధి చరిత్ర చెబుతుంది. ఈ వ్యాధికి పనిచేసే మందు 1947లోనే లోకానికి తెలిసింది. దాన్ని కనిపెట్టిన పరిశోధనశాలకు నాయకత్వం వహించినవాడు డెల్టాలోనే పుట్టినవాడు. ఆ వ్యాధి పీడను ప్రపంచంలో లేకుండా చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది మాత్రం 1997లో. నడుమ యాభై ఏళ్ళు ఎందుకు పట్టిందంటే, మందును జనానికి సరిపడేలా మలచుకోవడం, జనం దాన్ని నమ్మి మింగేలా చెయ్యడం, దోమ పుట్టే చోటును అర్థం చేసుకోవడం కూడా పరిశోధనేనని మనం ఆలస్యంగా గుర్తించాం. అంటురోగాల మీద ఏ పోరాటంలోనైనా గెలుపోటములు ఈ రెండో సగంలోనే తేలతాయన్నది నా వాదన.

ఈ చరిత్ర నీటితో మొదలవుతుంది. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను పీడించిన డొక్కల కరువు లక్షకు పైగా ప్రాణాలు తీసింది. కృష్ణ పక్కనే పారుతున్నా పొలానికి చుక్క ఎక్కని రోజులవి. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసింది. ఆ నీటితో డెల్టా వరి సీమ అయింది. బెజవాడ 1888లో పురపాలక సంఘమైంది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ నడుమ ఊరు పేటలు పేటలుగా పెరిగింది. పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ నిలిచింది. నీళ్ళు తెచ్చుకోవడంలో ఇంత నేర్పు చూపిన సీమ, వాడిన నీళ్ళు సాగనంపడంలో అంత శ్రద్ధ చూపలేదు. డెల్టా నేలకు వాలు తక్కువ. పెరటి గోతిలో, వాలు కుదరని సైడు కాలువలో, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకులో మురుగు రోజుల తరబడి కదలదు. పాత నీరు నిలిచే చల్లని ప్రదేశాల్లో శ్లీపదం, అంటే బోదకాలు, ఎక్కువగా వస్తుందని సుశ్రుత సంహిత ఏనాడో గుర్తించింది. అది నిజమైన పరిశీలన. అయితే నీటికీ కాలి వాపుకీ నడుమ లంకె ఏమిటన్నది పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ లంకెను ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ వచ్చారు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలో సన్నని పురుగు పిల్లలను చూశాడు. 1877లో చైనా తీరంలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్, ఆ పిల్లలు రక్తం తాగిన దోమ ఒంట్లో పెరుగుతాయని కనిపెట్టాడు. ఒక కీటకం మనిషి రోగాన్ని తనలో పెంచుతుందని తేలడం అదే మొదలు. ఆ ఆలోచన పట్టుకునే, మాన్సన్ ప్రోత్సాహంతో, రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. బోదకాలు పురుగు నీళ్ళ ద్వారా కాక దోమ కాటుతోనే ఒంట్లోకి వస్తుందని 1900లో జార్జ్ లో పరిశీలనతో తేలింది. ఈ పురుగు పెద్దదై మన శోషరస నాళాల్లో ఏళ్ళ తరబడి బతుకుతుంది. దాని పిల్లలు పగలు లోపలి అవయవాల్లో దాగి, దోమలు కుట్టే రాత్రివేళ చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వ్యాధి సోకినవారిలో చాలామందికి పైకి ఏ లక్షణమూ ఉండదు. కొందరికి మాత్రం ఏళ్ళు గడిచాక బోదజ్వరాలు, కాలి వాపు, మగవారిలో వరిబీజం వస్తాయి. మన పట్టణాల్లో ఈ పురుగును మోసేది క్యూలెక్స్ దోమ. అది పారే కాలువ నీటికంటే నిలిచిన మురుగులోనే జోరుగా పెరుగుతుంది. కాబట్టి ఆనకట్టే డెల్టాకు బోదకాలు తెచ్చిపెట్టిందనే మాట నిలవదు. కాటన్ కాలువ అన్నం పెట్టింది. దోమను పెంచింది మనం కట్టుకోని మురుగు కాలువ.

మందు కథ భీమవరంలో మొదలవుతుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధి బలితీసుకుంది. మద్రాసులో వైద్యం చదివి, 1923లో హార్వర్డ్‌లోని ఉష్ణమండల వైద్య పాఠశాలకు వెళ్ళాడు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో శక్తి నిలవ ఉండే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద మౌలికమైన పని చేశాడు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళోని లెడర్లీ పరిశోధనశాలకు సారథి అయ్యాడు. ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆయన నాయకత్వంలో వచ్చినవే. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికన్ సైనికులకు వేల సంఖ్యలో ఫైలేరియా, అంటే ఈ బోదకాలు పురుగు, సోకింది. ఆ అవసరం నుంచే లెడర్లీలో అన్వేషణ మొదలైంది. ఇలాంటి పురుగే సోకే ఒక అమెరికన్ ఎలుక జాతి మీద రసాయనాలను ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ వెళ్ళారు. చివరికి పిపరజీన్ నుంచి తయారైన డైఇథైల్‌కార్బమజీన్ నిలబడింది. హెట్రజాన్ అన్నది దాని వ్యాపారనామం. మన ఆరోగ్య కార్యకర్తల నోట అది డీఈసీ. 1947లో ఆ పరిశోధన పత్రం వెలువడింది. అదే ఏడు పోర్టోరికోలో రోగుల మీద దాని ఫలితాలూ ప్రకటించారు. నోటితో మింగే మాత్ర, చవకగా తయారయ్యేది, రక్తంలోని పురుగు పిల్లలను రోజుల్లో తగ్గించేది. మరుసటి సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. దేశం వదిలాక ఆయన మళ్ళీ తిరిగి రాలేదు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, ఆ పత్రం మీద ఆరుగురి పేర్లున్నాయి కదా, ఘనత సుబ్బారావు ఒక్కడికే ఎలా కడతామన్నది. ఇది సరైన అభ్యంతరమే. హ్యూవిట్, కుష్నర్ వంటి సహచరులు లేకుండా ఆ మందు లేదు. రసాయనాన్ని తయారు చేసినవారు, ఎలుకల్లో పరీక్షించినవారు, రోగులకు ఇచ్చి చూసినవారు వేరువేరు. ఆ పనులన్నిటినీ ఒక దారికి తెచ్చి నడిపించడం సుబ్బారావు ఘనత. మనవాడనే అభిమానంతో మిగతావారిని చెరిపేస్తే ఆయన నిజంగా చేసిన పని ఏమిటో కూడా మనకు కనపడదు. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఆ అన్వేషణ డెల్టా కూలీల కోసం మొదలు కాలేదు, ఒక సంపన్న దేశపు సైన్యం కోసం మొదలైంది. కాదనలేం. అంటురోగాల పరిశోధనకు డబ్బు తరచు యుద్ధభయం నుంచే వస్తుంది. అయితే ఇందులోంచి తీసుకోవలసిన పాఠం నిరాశ కాదు. సైనికుడు ఆ దీవి నుంచి ఇంటికి వెళ్ళిపోతే దోమ కాట్లు ఆగిపోతాయి. డెల్టా మనిషి పుట్టినప్పటి నుంచి పోయేదాకా అదే దోమల నడుమ ఉంటాడు. ఒక మనిషికి చికిత్స చేసే మందు, ఒక సీమలో వ్యాధి పాకడాన్ని ఆపే మందుగా మారాలంటే వేరే ప్రశ్నలకు జవాబు కావాలి. ఆ ప్రశ్నలు పెర్ల్ రివర్‌లో పుట్టవు. వ్యాధి ఉన్న చోటే పుడతాయి, అక్కడివాళ్ళే అడగాలి.

ఆ ప్రశ్నలు అడగకముందే మనం పనిలోకి దిగాం. ఒరిస్సాలో ప్రయోగాత్మకంగా చేసిన పని తర్వాత 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఊరందరికీ డీఈసీ మాత్రలు, ఇళ్ళలో దోమల మందు, మురుగులో దోమ పిల్లల నిర్మూలన అన్నవి అందులోని మూడు ఆయుధాలు. కేరళలో కోజికోడ్, ఉత్తరప్రదేశ్‌లో వారణాసితో పాటు మన రాజమండ్రిలోనూ ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం ఏర్పడింది. రాత్రిళ్ళు ఇంటింటికీ తిరిగి, నిద్రపోయేవాళ్ళను లేపి, వేలి కొస నుంచి రక్తపు చుక్క తీసి స్లైడ్ మీద పరిచే సిబ్బంది పట్టణాలకు వచ్చారు. మంచి మందు ఉంది, శ్రద్ధ ఉంది, డబ్బూ కొంత ఉంది. అయినా 1960లో భారత వైద్య పరిశోధన మండలి బేరీజు వేసి చూస్తే కార్యక్రమం కుంటుతున్నట్టు తేలింది. క్యూలెక్స్ దోమలు పురుగుమందుకు లొంగడం మానేశాయి. జనం మాత్రలు వద్దన్నారు. దాంతో అందరికీ మందు పంచడం, ఇళ్ళలో చల్లడం ఆపేసి, పట్టణాల మురుగులో దోమ పిల్లలను చంపడానికీ, పరీక్షలో దొరికినవారికి చికిత్స చెయ్యడానికీ కార్యక్రమాన్ని కుదించారు. చుట్టూ ఉన్న పల్లెలు చాలావరకు దాని బయటే మిగిలిపోయాయి.

జనం మాత్రలు ఎందుకు వద్దన్నారన్నది ఈ చరిత్రకే కీలకం. అజ్ఞానం వల్ల అని తేల్చెయ్యడం సులువు, కానీ అది అన్యాయం. డీఈసీ మింగగానే రక్తంలోని పురుగు పిల్లలు చస్తాయి. వాటికి ఒళ్ళు ప్రతిస్పందించి జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. కానీ పరీక్ష చేస్తేనే బయటపడే వ్యాధి ఉన్న మనిషి, తన దృష్టిలో తాను ఆరోగ్యవంతుడు. ఏ బాధా లేకుండా పొలానికి వెళ్ళేవాడు మాత్ర మింగి జ్వరంతో మంచం పడితే, కూలి పోగొట్టుకుంటే, మరుసటి రోజు మాత్ర ఎందుకు మింగుతాడు? అతను తన అనుభవం నుంచి సరిగానే ఆలోచించాడు. తప్పు, ఆ అనుభవం ఎలా ఉంటుందో ముందే చెప్పనివాళ్ళది, ఎన్ని మాత్రలు ఎన్నాళ్ళు అవసరమో తేల్చకుండానే ఊరి మీదికి తెచ్చిన ప్రణాళికది. ఇది ప్రచార లోపం మాత్రమే అయితే మంచి మాటకారులను పంపి సరిచెయ్యవచ్చు. అంతకంటే లోతైన లోపం ఉంది. ఒక మనిషిని బాగుచేసే మోతాదే ఒక ఊరిని కాపాడే మోతాదని అనుకున్నాం. రెండూ ఒకటి కావలసిన అవసరం లేదు. ఊరిలో వ్యాధి ఆగాలంటే ప్రతి పురుగూ చావక్కర్లేదు. దోమ తాగే రక్తంలో పురుగు పిల్లలు చాలాకాలం పాటు చాలా తక్కువగా ఉంటే చాలు.

ఈ తేడాను పట్టుకోవడమే రెండో సగం పరిశోధన. రోజుల తరబడి ఇచ్చే చికిత్సకు బదులు ఏడాదికి ఒక్కసారి ఒక్క మోతాదు ఇచ్చినా పురుగు పిల్లల సంఖ్య నెలల తరబడి అణిగి ఉంటుందని వివిధ దేశాల్లో జరిగిన క్షేత్ర పరిశోధనలు చూపాయి. పెద్ద పురుగు పిల్లలు పెట్టే కాలం సుమారు నాలుగు నుంచి ఆరేళ్ళు. అన్నేళ్ళూ ఊరిలో ఎక్కువమంది ఏడాదికోసారి మందు వేసుకుంటే వ్యాధి పాకే గొలుసు తెగుతుంది. పెద్దవాళ్ళకు వంద మిల్లీగ్రాముల మాత్రలు మూడు, ఒకే రోజు. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బు చేసినవారికి ఇవ్వరు. మందు పాతదే, లెక్క కొత్తది. ఈ లెక్క బలం మీదనే 1997 తీర్మానం వచ్చింది. 2004 నుంచి భారతదేశం వ్యాధి ఉన్న జిల్లాల్లో ఏటా డీఈసీ పంపిణీ చేపట్టింది, 2007 నుంచి దానికి ఆల్బెండజోల్ తోడైంది. ఆరేడేళ్ళ పిల్లలను పరీక్షించి, పంపిణీ మొదలయ్యాక పుట్టిన తరానికి వ్యాధి అంటుతోందో లేదో చూసే పద్ధతి కూడా ఈ పరిశోధనల నుంచే వచ్చింది. మరో సంగతి తెలుగువారు గుర్తుంచుకోదగినది. 2013 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా అందుతున్న డీఈసీ మాత్రలను ఎయిసాయ్ అనే జపాన్ కంపెనీ విశాఖపట్నంలోని తన కర్మాగారంలో తయారు చేస్తోంది. పెర్ల్ రివర్‌లో తెలుగువాడి సారథ్యంలో పుట్టిన మందు ఇప్పుడు తెలుగు తీరం నుంచి ఇతర దేశాలకు వెళ్తోంది.

మంచి ఆయుధమే అసలు విషయమనేవారు మశూచిని ఉదాహరణగా చూపుతారు. శక్తివంతమైన టీకా ఉంది కాబట్టే అది పోయింది, బోదకాలుకు అంత శక్తివంతమైనది లేదు కాబట్టే ఇంత ఆలస్యమంటారు. చరిత్ర చూస్తే ఈ మాట నిలవదు. జెన్నర్ టీకా 1796 నాటిది. అది 1802లో మన దేశానికి వచ్చింది. మద్రాసు రాజధానికి గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ దశాబ్దాల పాటు టీకా రసం సరఫరా చేసింది. అయినా మశూచి తల్లి పోలేరమ్మ జాతరలు జరుగుతూనే ఉన్నాయి, పల్లెల్లో పిల్లలు పోతూనే ఉన్నారు. 1962లో అందరికీ టీకా అనే జాతీయ కార్యక్రమం వచ్చాక కూడా 1974లో ఉత్తర భారతం పెద్ద మశూచి తాకిడిని చూసింది. ఎండకు పాడవని పొడి టీకా, రెండు మొనల సూది ఎంతో మేలు చేశాయి. ఆ మేరకు ప్రయోగశాల వాదన నిజమే. కానీ మలుపు తిప్పింది ఇంటింటి గాలింపు. రోగి ఎక్కడున్నాడో వెతికి, అతని చుట్టూ ఉన్నవారికి వెంటనే టీకా వేసి, వ్యాధి పాకే దారిని మూసేశారు. 1975 మేలో దేశంలో చివరి మశూచి రోగి కనిపించాడు. దాదాపు 170 ఏళ్ళు టీకా ఉండి చెయ్యలేని పని, వెతికే పద్ధతి తోడయ్యాక కొద్ది సంవత్సరాల్లో పూర్తయింది.

ఇంకొకరు అడగవచ్చు: బోదకాలు నెమ్మదిగా నడిచే వ్యాధి, దాని అనుభవం రాత్రికి రాత్రి విరుచుకుపడే ప్రమాదానికి ఎలా వర్తిస్తుంది? దీనికి జవాబుగా రెండు సంఘటనలు చూద్దాం. 2003 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు జ్వరం, మూర్ఛలతో గంటల్లో ప్రాణాలు వదిలారు. 329 మంది పిల్లలకు సోకితే 183 మంది చనిపోయారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు అది చండీపుర వైరస్ అని తేల్చారు. 1965లోనే గుర్తించిన వైరస్ అది, కానీ దానికి మందూ లేదు, టీకా లేదు. గోడల బీటల్లో, తేమ నేలలో పెరిగే శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగను అదుపు చెయ్యడం, పిల్లలను త్వరగా ఆసుపత్రికి చేర్చడం తప్ప చేతిలో ఏమీ లేదు. 2020 డిసెంబరులో కృష్ణా కాలువ నీటి చివర ఉన్న ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛపోయారు. అంటురోగమో, విషమో మొదట ఎవరికీ తెలియలేదు. అది అంటురోగం కాదని తేల్చి, సీసం, పురుగుమందుల వైపు అనుమానాన్ని మళ్ళించింది ఇంటింటి వివరాల సేకరణ, రక్తం, నీరు, కూరగాయల నమూనాల పరీక్ష. ప్రమాదం ప్రకృతి తెచ్చినదైనా, మనిషి చేసినదైనా, కావాలని వదిలినదైనా మొదటి గంటల్లో కనిపించేది ఒకటే: ఫలానా వీధిలో ఇంతమంది పడిపోయారన్న కబురు. ఆ కబురును ఎవరు ముందు గుర్తించి, ఎవరికి చెబుతారన్నదాని మీదే మిగతా రక్షణ అంతా ఆధారపడుతుంది. రాత్రిపూట స్లైడ్లు తీసి లెక్కరాసే అలవాటున్న వ్యవస్థకు ఆ పని కొత్త కాదు.

మురుగు కాలువలు కట్టడం మునిసిపాలిటీ పని, దాన్ని శాస్త్రం ఖాతాలో ఎందుకు వేస్తారన్నది చివరి అభ్యంతరం. ఏ మురుగులో, ఏ నెలలో, ఎంత దోమ పుడుతుందో, ఏ మందుకు లొంగడం మానేసిందో చెప్పేది కీటకశాస్త్రం. అది చెప్పకపోతే మునిసిపాలిటీ గుడ్డిగా పొగ కొట్టి ఊరుకుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, నిలిచిన నీరూ మురుగూ కలిస్తే ఏ రోగాలు రావచ్చన్న భయం ఊరంతటికీ కలిగింది. నగరం నీటిని ఎలా వదిలించుకుంటుందన్నది వైద్య ప్రశ్న కూడానని అంతకంటే స్పష్టంగా చెప్పేది లేదు. మందుకంటే దాన్ని ఊరికి చేర్చే పద్ధతే ముఖ్యమని ఇతర దేశాల అనుభవమూ చెబుతుంది. చైనా కొన్ని ప్రాంతాల్లో వంట ఉప్పులోనే డీఈసీ కలిపి, 2007 నాటికి ఈ వ్యాధి పీడను వదిలించుకుంది. శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఆ స్థితికి చేరాయి. అవి వాడినదీ ఆ పాత మందునే. భారతదేశం తన గడువును పలుమార్లు జరిపి, ఇప్పుడు 2027 అంటోంది.

ఆ గడువు నిలబడాలంటే పరిశోధన అన్న మాటకు మనం ఇచ్చే అర్థం పెద్దది కావాలి. సుబ్బారావు పేరు పాఠ్యపుస్తకాల్లో ఉండాలి, ఆయన మీద 1995లో తపాలాబిళ్ళ రావడం సబబు. అంతే గౌరవం, అంతే నిధులు కీటకశాస్త్రజ్ఞుడికీ, రాత్రి రక్తం తీసే ఆరోగ్య కార్యకర్తకూ, మాత్ర మింగితే ఏమవుతుందో ముందే చెప్పి ఇంటివాళ్ళ ఎదుటే మింగించే ఆశా కార్యకర్తకూ దక్కాలి. ఖాళీగా ఉన్న కీటకశాస్త్ర ఉద్యోగం ఒక అత్యాధునిక ప్రయోగశాల మూతపడినంత నష్టం. ఇప్పటికే కాలు వాచినవారికి ఏ మాత్రా పాత కాలును తిరిగి ఇవ్వదు. రోజూ సబ్బుతో కాలు కడుక్కోవడం, పుండు పడకుండా చూసుకోవడం నేర్పేవారు కావాలి, వరిబీజానికి శస్త్రచికిత్స అందుబాటులో ఉండాలి. అదీ రక్షణలో భాగమే. తర్వాతి మహమ్మారికి విరుగుడు బోస్టన్‌లో పుట్టినా, హైదరాబాద్‌లో పుట్టినా, అది డెల్టాను కాపాడేది ఇక్కడి వీధుల గురించి ఇక్కడివాళ్ళు ముందే తెలుసుకుని ఉంటేనే. ఆ తెలివిడిని సమకూర్చుకోవడానికి మరో యాభై ఏళ్ళు తీసుకునే హక్కు మనకు లేదు.